మిషనమ్మ సైటూ, వెంట్రుకంత గీతా

మిషనమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సోమవారం పొద్దున అది ఎంత తగ్గిందంటే, ఫోన్లో అవతలున్న తమ్ముడు మూడుసార్లు "ఆఁ? ఏంటక్కా?" అనాల్సి వచ్చింది.

"నా సైటు మూసేస్తారటరా," అంది నాలుగోసారి. "ఏడు రోజుల్లో."

"ఓస్, అదా! ఆ మెయిలు నాక్కూడా వచ్చింది. చోటు నిండిపోయిందట. ఆదివారంతో ఈ ఏటి గడువు కూడా అయిపోతోంది. పెద్ద ప్లానుకి మారమంటున్నారు, అద్దె మూడింతలు. నా మాట విని వదిలెయ్యక్కా. ఈ వయసులో నీకెందుకీ తలనొప్పి?"

మిషనమ్మ ఫోను పెట్టేసింది. తమ్ముడి తెలివి తెల్లారినట్టే ఉంటుందని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ "ఈ వయసులో" అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. ఆమెకు అరవై ఒకటి. ఆ వయసుకు కోపం రాదని ఎవరు చెప్పారో ఆ మహానుభావుడికి!

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, దాన్ని వాడేది బ్యాంకువాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. ముప్ఫై నాలుగేళ్ళపాటు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. ఆ పని నేర్పింది అత్తగారు. కాపురానికి వచ్చిన నెలకే కోడలి చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి, "వంట ఎవరైనా చేస్తారు, నువ్విది పట్టు" అన్న అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది? వీధి చివర పదడుగుల కొట్టు, గోడ నిండా రేకు డబ్బాలు, బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ. మిషను విప్పేటప్పుడు ప్రతి స్క్రూనూ ఆ గుడ్డ మీద తీసిన వరుసలోనే పెట్టాలి. అత్తగారివి రెండే సూత్రాలు. వరుస తప్పకు. తీసింది పారెయ్యకు. అరిగిపోయిన ముక్కైనా సరే, డబ్బాలో వేసి ఆ మిషను పక్కనే ఉంచాలి. అత్తగారు పోయారు, భర్త పోయాడు, ఆ రెండు సూత్రాలు మాత్రం మిషనమ్మ ఒంట్లో అలాగే ఉండిపోయాయి.

రెండేళ్ళ కిందట తడి మెట్ల మీద కాలు జారి కుడి మణికట్టు విరిగింది. లోపల ఉక్కు పలక వేశారు. ఆ చెయ్యి గ్లాసు పట్టుకోవడానికి పనికొస్తుంది, తలుపు తియ్యడానికి పనికొస్తుంది. చిన్న స్క్రూ తిప్పబోతే మాత్రం గజగజ వణుకుతుంది. నాలుగు నెలలు చూసి కొట్టు మూసేసింది. ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చిన ఏడుపు ఎవరికీ తెలియదు.

మిగిలింది సైటు ఒక్కటే. ఆరేళ్ళ కిందట తమ్ముడు సరదాకి పెట్టించాడు. ఎక్కడో ఒక కంపెనీవాళ్ళ కంప్యూటర్లో కాస్త చోటు అద్దెకు తీసుకోవడం, అందులో మన పేజీలు పెట్టుకోవడం, ఏటేటా అద్దె కట్టడం. హోస్టింగ్ ప్లాన్ అంటే అంతే. అరవై నాలుగు రకాల పాత మిషన్లను ఆమె అందులోకి ఎక్కించింది. ఏ స్క్రూ ముందు తియ్యాలో, ఏది తర్వాతో, నూనె ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వేస్తే కొంప మునుగుతుందో, ఒక్కొక్కదానికీ ఫోటోలు. మొత్తం పద్నాలుగు వందలు. చెయ్యి విరిగాక, ఆ పేజీలు చూసి ఫోన్ చేసేవాళ్ళకు మాటలతోనే రిపేరు చేయిస్తోంది. సైటు ఉంటే ఆమె ఇప్పటికీ మెకానిక్కు. సైటు పోతే, ఒకప్పుడు మెకానిక్కుగా ఉన్న ముసలావిడ. ఆ తేడా తమ్ముడికి కనిపించకపోవచ్చు గానీ ఆమెకు ప్రాణంతో సమానం.

పైగా ఆ మధ్యాహ్నమే ఇంకో ఫోను వచ్చింది.

"మిషనమ్మా, నేనండీ, కొండ మీది టైలర్ని. మిషను మళ్ళీ కుట్టు దాటేస్తోంది. బడిపిల్లల యూనిఫారాలు వచ్చే వారానికి ఇచ్చెయ్యాలి. మీ పేజీ తెరిస్తే ఫోటో సగం వరకే వచ్చి ఆగిపోతోందండీ."

"ఏ సగం వస్తోందమ్మా?"

"పై సగం."

మిషనమ్మ నుదురు కొట్టుకుంది. సూది కిందికి దించిన దారాన్ని అడుగున తిరిగే కొక్కెం సమయానికి అందుకోకపోతే కుట్టు దాటిపోతుంది. ఆ కొక్కెం తిరిగే ఇరుసు మీద వెంట్రుకంత గీత ఒకటి ఉంటుంది. కొక్కేన్ని ఆ గీతకు ఎదురుగా తెచ్చి బిగిస్తే పని అయిపోయినట్టే. ఆ గీత ఉన్నది ఫోటో కింది సగంలో. పోనీ అని మెసేజీలో పంపింది. మెసేజీలో వెళ్ళేసరికి ఫోటో పలచబడి, ఆ గీత కాస్తా మాయమైపోయింది. మాటల్లో చెప్పి చూసింది. టైలరు అరగంట వెతికి, "ఇక్కడ గీతలు ఇరవై ఉన్నాయండీ, అన్నీ గీసుకుపోయినవే" అని ఉసూరుమంది.

"ఆదివారం దాకా ఆగు తల్లీ. ఏ స్క్రూనీ ముట్టుకోకు. ఈలోపు నీ పేజీ తెరుచుకునే పూచీ నాది," అనేసింది మిషనమ్మ. అనడమైతే అనేసింది. ఎలా తెరిపిస్తుందో ఆమెకు మాత్రం ఏం తెలుసు?

మంగళవారం పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని మౌసు ఎడమచేతి వైపు పెట్టుకుంది. కంపెనీవాళ్ళ కంట్రోల్ ప్యానెల్ తెరిచింది. ఆరేళ్ళలో ఆమె అందులో నొక్కినవి రెండే రెండు బటన్లు. ఒకటి ఫోటో ఎక్కించేది, రెండోది కాపీ తీసేది. మిగతావన్నీ తమ్ముడు "వాటి జోలికి పోకు" అన్నవి. తెర నిండా బొమ్మలు. చూస్తే కళ్ళు తిరిగాయి. "మిషనే కదా," అనుకుంది గట్టిగా, "మూత తీస్తే అన్నీ ఇలాగే భయపెడతాయి."

లేచి వెళ్ళి అటక మీద పెట్టెలోంచి తెల్లగుడ్డ తీసింది. నూనె మరకల గుడ్డ. దాన్ని నేల మీద పరిచి, పాత క్యాలెండర్ కాగితాలు చింపి చీటీలు చేసింది. ప్యానెల్‌లో ఉన్న ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క చీటీ, ఉన్న వరుసలోనే. బొమ్మ పేరు రాసి, అదేం చేస్తుందో తెలిస్తే అదీ రాసింది. తెలియకపోతే చీటీ మీద చొక్కాగుండీ పెట్టింది. చీకటి పడే వేళకు నలభై ఒక్క చీటీలు, ముప్ఫై ఆరు గుండీలు అయ్యాయి. ఇంకొకరైతే ఆ గుండీలు చూసి దండం పెట్టేసేవాళ్ళు. మిషనమ్మకు మాత్రం హుషారొచ్చింది. తెలియనివి ఎన్ని ఉన్నాయో తెలిసింది కదా, ఇక ఆ గుండీలు ఒక్కొక్కటీ తీసెయ్యడమే మిగిలింది!

బుధవారం గుండీలు తియ్యడం మొదలుపెట్టింది. కంపెనీవాళ్ళే రాసుకున్న సహాయం పేజీలు ఒక్కొక్కటీ చదివింది. అర్థం కాని వాక్యాన్ని పైకి చదివింది, అప్పటికీ అర్థం కాకపోతే ఆ రాసినవాణ్ణి రెండు తిట్టి మళ్ళీ చదివింది. పదకొండు గంటలకు ఒక గుండీ తీస్తూ ఆగిపోయింది. సైటుకు భద్రతగా ఉండే తాళం గుర్తు ప్లానులోనే ఉచితంగా ఉందట. మరి ఆ తాళానికి ఏటా వేరే డబ్బు కడుతున్నాం కదా? ఇంకో గుండీ తీసింది. రోజూ సైటు మొత్తానికి కంపెనీయే కాపీ తీసి వేరేచోట వారం రోజులు దాచిపెడుతుందట. దానికీ వేరే కడుతున్నాం! మూడోది, ఒకసారి తెరిచిన పేజీని మళ్ళీ మళ్ళీ వండకుండా సిద్ధంగా ఉంచి త్వరగా చూపించే స్విచ్చు. ఆరేళ్ళుగా ఆపేసి ఉంది.

"ఓరి మీ దుంప తెగ! ఇంట్లో బావి పెట్టుకుని పక్కింటి నుంచి నీళ్ళు కొంటున్నామా!" అంది తెరతో.

అయితే అసలు సంగతి ఇంకా తేలలేదు. చోటు ఎందుకు నిండింది? ఏ ఫోల్డరు ఎంత చోటు తింటోందో చూపించే బొమ్మ ఒకటుంది. దాన్ని నొక్కితే ఫోటోలు పిసరంత, "కాపీలు" అన్న ఫోల్డరు కొండంత. అందులో ఉన్నవి ఆరే ఆరు. ఆరు కాపీలు కొండంత ఎలా అవుతాయి?

గురువారం పొద్దున ఆ ఆరింటి బరువులూ కాగితం మీద రాసుకుంది. రెండోది మొదటిదానికి రెట్టింపు. మూడోది రెండోదానికి రెట్టింపు. అలా ఆరోది దాకా. కాసేపు పెన్సిలు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

కిందటేడు కాపీ బటను పెట్టేటప్పుడు తమ్ముడు అడిగాడు, "కాపీలు ఎక్కడ దాచమంటావక్కా, ఇంట్లోనా, సైటులోనా?" అని. "మిషను పక్కనే ఉండాలిరా, తీసింది ఎదురుగా ఉండాలి" అంది తను, అత్తగారి కోడలు కనుక. దాంతో కాపీలన్నీ సైటు లోపలే చేరాయి. రెండో కాపీ తీసినప్పుడు సైటుతోపాటు మొదటి కాపీ కూడా అందులో దూరింది. మూడోదాంట్లోకి మొదటిదీ, రెండోదీ. డబ్బాలో డబ్బా, మళ్ళీ ఆ డబ్బాలన్నీ ఇంకో డబ్బాలో. ఏ మార్పు చెయ్యబోయినా ముందు ఒక కాపీ తియ్యడం ఆమె అలవాటు. ఏడాదిలో ఆరుసార్లు నొక్కింది. ఆరోసారికి కొట్టంతా డబ్బాలే.

"తప్పు నాదే," అనుకుంది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తప్పు తనదైతే దిద్దుకునే దారి కూడా తన చేతిలోనే ఉంటుంది మరి.

సాయంత్రం తమ్ముడు ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. నేల మీద గుడ్డ, చీటీలు, గుండీలు చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఇదేంటక్కా, సంత పెట్టావు?"

"తొక్కకు! వరుస చెదురుతుంది. ఆ కుర్చీలో కూర్చో."

మధ్యాహ్నమే ఆమె ఫోటోలూ పేజీలూ మాత్రమే కొత్తగా కాపీ తీసి ఇంట్లో ఉన్న డిస్కులోకి దింపుకుంది. దింపుకుని ఊరుకోలేదు. తెరిచి, అరవై నాలుగు మిషన్లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టింది. బాగుచేసిన మిషను మీద గుడ్డముక్క పెట్టి నాలుగు కుట్లు వేసి చూడకుండా ఏనాడైనా ఇచ్చిందా? ఇక మిగిలింది సైటులో ఉన్న ఆరింటినీ తీసెయ్యడం.

మౌసు మీద ఎడమచెయ్యి ఆగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె ఒక్క ముక్క పారేసి ఎరగదు. "తీసింది పారెయ్యకు" అన్న గొంతు చెవి పక్కనే వినిపించింది.

"అత్తయ్యా," అంది పైకే, "ఇది పారెయ్యడం కాదు. దుమ్ము దులపడం." నొక్కేసింది. ఒకటి, రెండు, మూడు... ఆరు.

ఇద్దరూ తెర వైపు చూశారు. నిండిన చోటు నూటికి తొంభై ఎనిమిది. అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే.

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "నేను చెప్పానుగా అక్కా. వాళ్ళు డబ్బు కోసం ఏదో..."

"నోర్ముయ్," అంది మిషనమ్మ మెల్లగా. ఆరు కాపీలూ పోయాయి, చోటూ రాలేదు. ఇంకొక్క క్షణం ఉంటే కళ్ళనీళ్ళు వచ్చేవే. కానీ చూపు గుడ్డ మీదికి పోయింది. ముప్ఫై ఆరింటిలో ఇంకా మూడు చీటీల మీద గుండీలున్నాయి. అందులో ఒక చీటీ మీద "చెత్తబుట్ట" అని ఉంది.

వంగి ఆ గుండీ తీసింది. ప్యానెల్‌లో ఆ బొమ్మ నొక్కింది. ఆరు కాపీలూ భద్రంగా అందులో కూర్చుని ఉన్నాయి! తీసేసినవి నెల రోజులు ఆ బుట్టలోనే ఉంటాయట. ఆ చోటు కూడా మన లెక్కలోనేనట.

"చూశావురా? ఊడ్చి, చేటలో ఎత్తి, ఆ చేట ఇంట్లోనే పెట్టుకున్నాం."

బుట్ట ఖాళీ చేసింది. తెర ఒకసారి మినుకుమంది. తొంభై ఎనిమిది కాస్తా రెండు అయింది.

తమ్ముడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. రెండే.

"అయితే పెద్ద ప్లాను..."

"దేనికిరా? ఈ ప్లానులోనే ఇంకా యాభై కొట్లు పడతాయి. నువ్వెళ్ళి టీ పెట్టు," అంది. ఆ ఇంట్లో తమ్ముడు టీ పెట్టడం అదే మొదటిసారి. బాగోలేదు గానీ, ఆమె చివరి చుక్క దాకా తాగింది.

శుక్రవారం పొద్దున్నే, పేజీలు త్వరగా చూపించే ఆ స్విచ్చు వేసింది. ఇక శుక్ర, శనివారాలు ఫోటోల పని. చోటు వచ్చింది కదా అని ఊరుకుంటే కొండ మీది టైలరుకు లాభం లేదు. అంత బరువైన ఫోటోలు ఒక్కో పేజీలో ఇరవైకి పైగా ఉంటే అక్కడి సిగ్నలుకు ఎప్పటికీ దిగవు. ఫోటోలన్నీ ఒకేసారి చిన్నవి చేసే పద్ధతి ఉందని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. మిషనమ్మ సరేనంది, కానీ గుడ్డిగా నొక్కలేదు. ముందు పద్నాలుగు వందల్లో వెంట్రుకంత గీతలు ఉన్నవాటిని కళ్ళు పొడుచుకుని ఏరింది. అరవై ఎనిమిది తేలాయి. వాటిని పక్కన పెట్టి మిగతావి చిన్నవి చేయించింది. ఏరినవాటిని మాత్రం తనే, ఎడమచేత్తో, ఒక్కొక్కటీ కత్తిరించింది. మిషను మొత్తం అక్కర్లేదు. గీత, దాని పక్కన కొక్కెం మొన, అంతే, బొటనవేలంత ముక్క. ముక్క చిన్నది కనుక తేలిగ్గా దిగుతుంది, పలచన చెయ్యలేదు కనుక గీత చెక్కుచెదరదు. అలాంటి పని ఏ బటనూ చెయ్యలేదు. ఏ గీత దేనికో తెలిసినవాళ్ళే చెయ్యాలి. ఆ మాట అనుకున్నప్పుడు ఆమెకు గర్వంగా అనిపించింది, అనిపించనీ!

శనివారం సాయంత్రం కంపెనీకి ఫోన్ చేసింది. ఒక అమ్మాయి తియ్యగా పలికింది.

"మేడమ్, మీకు మా ప్రీమియం ప్లాన్ అయితే చాలా..."

"నాకు పెద్ద కొట్టు వద్దమ్మాయ్. ఉన్న కొట్టు తాళంచెవులు కావాలి. నేను చదువుతాను, నువ్వు ఔనో కాదో చెప్పు." చీటీలు చేతిలోకి తీసుకుంది. "తాళం గుర్తు ప్లానులోనే ఉచితం. ఔనా?"

"అదీ... ఔను మేడమ్."

"రోజువారీ కాపీ?"

"అదీ ఉంది మేడమ్."

"మరి ఈ రెండింటికీ విడిగా ఎందుకు కడుతున్నాను?"

అవతల కీబోర్డు చప్పుడు. "మీరు తీసుకున్నప్పుడు అవి విడిగానే ఉండేవి మేడమ్. తర్వాత ప్లాన్‌లో కలిపాం. తీసెయ్యమని మీరు చెప్పలేదు కాబట్టి..."

"కలిపామని మీరూ చెప్పలేదుగా. సరే, ఇప్పుడు చెప్తున్నాను. తీసెయ్యి. వాటి గడువు వేరు కదా, కట్టిన దాంట్లో మిగిలిన నెలలవి సైటు కొత్త అద్దెలో తగ్గించు."

"పైవాళ్ళని అడగాలి మేడమ్."

"అడుగు. నేను కూర్చునే ఉన్నాను."

పావుగంట సంగీతం వినిపించారు. మిషనమ్మ కదల్లేదు. ఒప్పుకున్నారు.

ఆదివారం పదింటికి తమ్ముడు వచ్చేసరికి ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కొండ మీదికి పొద్దున్నే కబురు పంపింది, పేజీ చూడమని. ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు. తమ్ముడు కంప్యూటరు తెరిచి గడువు పెంచే పేజీ దగ్గర ఆగాడు.

"అక్కా, ఒక సంవత్సరానికా, మూడేళ్ళకా అని అడుగుతోంది. ఒకటి చాల్లే. ఆపైన చూద్దాం, ఏమంటావు?"

ఆమె ఏమీ అనకముందే ఫోను మోగింది.

"మిషనమ్మా! మొత్తం వచ్చిందండీ! ముక్కలన్నీ టకటకా తెరుచుకున్నాయి. ఆ గీత ఇంతలావు కనిపించింది!"

"కొక్కెం తిప్పావా?"

"తిప్పాను. బిగించాను. ఇదిగో వినండి."

ఫోన్లో మిషను చప్పుడు. మిషనమ్మ కళ్ళు మూసుకుంది. వంద కుట్లు పోయాయి, నూటయాభై పోయాయి, ఒక్కటీ దాటలేదు. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి వేళ్ళు తమంతట తామే ఏదో స్క్రూ బిగిస్తున్నట్టు కదిలాయి.

"ఇందాక యూనిఫారాల కోసం బడివాళ్ళు వచ్చారండీ," అంది టైలరు, మిషను ఆపి. "పనిచెయ్యదన్నారు కదా, ఎవరు బాగుచేశారని అడిగారు. మా మెకానిక్ వచ్చి చేసి వెళ్ళిందని చెప్పాను."

రెండేళ్ళయింది, మిషనమ్మ ఒకరింటికి వెళ్ళి మిషను బాగుచేసిందని ఎవరైనా అని. "నూనె వెయ్యి," అంది. "ఒక్క చుక్క. ఎక్కువ వెయ్యకు, గుడ్డలు పాడవుతాయి." ఫోను పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుంది.

తమ్ముడు తల వంచుకుని మౌసుతో ఆడుతున్నాడు. "ఒకటేనా అక్కా?" అన్నాడు.

"మూడేళ్ళకి కట్టు."

"మూడా?"

"ఏం చెయ్యమంటావు మరి," అంది మిషనమ్మ, "అంతకంటే ఎక్కువ వాళ్ళ దగ్గర లేదుగా."